కొత్త కాలు

జీవితమంతా లిఫ్టులు బాగుచేసి రిటైరైన మెకానిక్కు ఇంట్లో ఊరికే కూర్చుంటే ఏమవుతుందో తెలియాలంటే ఆయన భార్యను అడగాలి. మొదట కిర్రుమనే తలుపులన్నీ బాగుచేశాడు. తర్వాత కిర్రుమనని తలుపులు కూడా బాగుచేశాడు, అవి ఆనాటినుంచే కిర్రుమనడం మొదలుపెట్టాయి. ఆఖరికి ముందుగదిలో ఆమె బట్టలు కుట్టే మిషను మీద ఆయన కన్ను పడింది. శబ్దంలో ఏదో తేడా ఉందన్నాడు. ఆమె లోపలికెళ్ళి టీ కాచుకొని వచ్చేలోగా దాన్ని విప్పి నేలమీద పరిచేశాడు. మళ్ళీ బిగించాక రెండు మరలు మిగిలాయి.

ఆమె ఆ రెంటినీ అరచేతిలో వేసుకొని చాలాసేపు చూసింది.

"ఇవి ఎక్కడివో అక్కడికి చేర్చండి. ఆ తర్వాత మీరు కూడా ఎక్కడికైనా చేరండి. వారానికి ఒక్క రోజు ఈ ఇంటిని వదిలెయ్యండి, చాలు. ఎక్కడికెళ్ళారని కూడా అడగను."

అడగనని అంది గానీ అడిగింది. ఈ కథకంతటికీ మూలం ఆ అడగడమే.

ఆ ఊరికి వాళ్ళు కొత్త. ఊరి చివర ఒక కొండ, దాని మీదికి ఒక కాలిబాట. ఎప్పుడో ఒక పెద్ద వానకు ఆ బాట చాలావరకు కొట్టుకుపోయింది. ఎవరో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాక, మొదటి మలుపు దగ్గర తాడు కట్టి బోర్డు తగిలించారు. ఆ బాటను మళ్ళీ వేద్దామని కొంతమంది ప్రతి ఆదివారం పొద్దున్నే పలుగూ పారా పట్టుకొని అక్కడ చేరుతారు. జీతం లేదు, బత్తెం లేదు, ఒళ్ళునొప్పులు మాత్రం ఎవరి వాటా వాళ్ళకు ఖాయం. వాళ్ళకు పెద్దదిక్కు ఒక రిటైరైన హెడ్ నర్సు. అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. ఆవిడ ఆసుపత్రిని వదిలినా ఆసుపత్రి ఆవిడను వదల్లేదు. బాట మీద నీళ్ళు నిలిస్తే "ఇక్కడ వాపు", మట్టి జారితే "ఇక్కడ పుండు" అంటుంది.

మన లిఫ్టాయన మొదటి రోజు వెళ్ళి, "నేనేం చెయ్యాలండీ?" అని అడిగాడు.

"కాలువ తవ్వండి," అని పార చేతికిచ్చింది సిస్టరమ్మ. "ఈ కొండమీద మనకంటే ముందు వాన నడుస్తుంది. దాని దారి దానికి చూపిస్తే మన దారి జోలికి రాదు."

రోజంతా ఆయన కాలువ తవ్వాడు. బాటకు అడ్డంగా, వాన నీరు బాట వెంట పరుగెత్తకుండా పక్కకు జారిపోయేటట్టు. సాయంత్రం మోకాళ్ళదాకా మట్టితో ఇల్లు చేరాడు. ఆమె మిషను తొక్కుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఎక్కడికెళ్ళారు?"

"కొండకు."

మిషను ఆగింది. "కొండెక్కారా! పైనుంచి ఏం కనబడుతుందండీ?"

"తెలీదు, కిందే ఉండి కాలువ తవ్వాను" అని ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకొని ఆయన వైపే చూస్తోంది. పెళ్ళయినప్పటినుంచీ వాళ్ళిద్దరి మధ్య మాటలంటే గ్యాసయిపోయింది, పంపు మూసెయ్, లైటు తీసెయ్. ఆయన మాట కోసం ఆమె చేతిలో పని ఆపడం ఆయనకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఆ చూపు ముందు పాపం ఆ కాలువ మరీ చిన్నదైపోయింది.

"చెరువు," అన్నాడు. "పేద్ద చెరువు."

"తర్వాత?"

ఆ "తర్వాత" అనే మాట ఉందే, అది ఎంతటి మంచివాణ్ణయినా చెడగొడుతుంది. ఆ పూటే చెరువుకు గట్టు వచ్చింది, గట్టు మీద తెల్ల కొంగలు వాలాయి. పై ఆదివారం అవతలి ఒడ్డున ఎర్రపెంకుల ఇళ్ళు లేచాయి. ఆ పై ఆదివారం నీళ్ళ మీద వంతెన, వంతెన మీద రైలు. ఆ రైలు సరిగ్గా సాయంత్రం నాలుగింటికి వస్తుంది, కూత పెట్టగానే కొంగలన్నీ ఒక్కసారి లేస్తాయి. గోరంతను కొండంత చెయ్యడం లోకంలో అందరూ చేసే పనే. ఈయన అంతకు మించి, ఉన్న కొండకు లేని చెరువును అంటగట్టాడు.

అసలు పైన ఏముందో ఆయనకు తెలిసే వీలే లేదు. సిస్టరమ్మ కట్టడి అలాంటిది. వెయ్యని బాట మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. పని ఎంతవరకు వస్తే కొండ అంతవరకే, అక్కడ తాడు, తాడుకు బోర్డు. పని సాగేకొద్దీ ఆ తాడును పైకి జరుపుకుంటూ పోతారు. ఒకసారి ఆయన మాటల మధ్యలో, "పైన ఏముంటుందండీ?" అని ఆవిడను కదిపి చూశాడు. "పైకెళ్ళాక చూద్దురుగాని. ముందు ఆ రాయి సంగతి చూడండి," అంది ఆవిడ. ఆయన రాయి సంగతి చూశాడు.

చూసి, దానితో ప్రేమలో పడ్డాడు. మరో మాట అక్కర్లేదు. లిఫ్టు వచ్చి నేలకు సమంగా ఆగకపోతే, వేలెడంత తేడాకే ఎవరో ఒకరు తట్టుకొని బోర్లాపడతారు. ఆ భయంతోనే బతికిన మనిషి చేతికి మెట్లు వేసే పని దొరికింది. రాయిని గడ్డపారతో దొర్లించుకొచ్చి, గుంటలో దించి, చుట్టూ చిన్న రాళ్ళు దట్టించి, పైకెక్కి అటూ ఇటూ ఊగి చూసేవాడు. ఇసుమంత కదిలినా మళ్ళీ పైకి తీసేవాడు. పక్కవాళ్ళు విసుక్కునేవాళ్ళు, ఆయన వినిపించుకునేవాడు కాదు. ఇంత చేసీ, ఇంటికొచ్చాక ఆ రాళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. రాయి గురించి ఎవరైనా వింటారా? చెరువంటే వింటారు గానీ.

ఆదివారం సాయంత్రం కోసం ఆయన వారమంతా ఎదురుచూసేవాడు. మిషను ఆగడం, కళ్ళజోడు నుదుటి మీదికి పోవడం, "తర్వాత?" అనడం. దూరపు కొండలు నునుపంటారు. పక్కనున్న కొండను కూడా ఇంత నునుపు చేసినవాడు ఈయనొక్కడే.

అబద్ధం ఇంట్లో ఉన్నంతకాలం బాగానే ఉంది. సోమవారం పొద్దున అది ఫోనెక్కేది. ఆమె తన అక్కకు ఫోన్ చేసి చెరువూ కొంగలూ అన్నీ వరస తప్పకుండా అప్పజెప్పేది. అక్క పక్కనే అక్క మొగుడు, అంటే మన లిఫ్టాయనకు తోడల్లుడు. పని లేకపోయినా మోకాళ్ళ నొప్పులుండే మనిషి, దేన్ని చూపించినా "మేం చూసినదాంట్లో ఇదెంత" అనే మనిషి. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆయన స్టేషను మాస్టరుగా చేసి దిగాడు.

"ఆ వైపు అసలు లైనే లేదే!" అన్నాడు స్టేషను మాస్టరు, రైలు సంగతి విన్నరోజే. "వచ్చి చూడాల్సిందే."

ఇలా ఉండగా పని ఆఖరి మలుపుకు వచ్చింది. ఆ పైన కాస్తంత చదును బండ, దాని పైన కొండకొమ్ము. బండకు చెయ్యాల్సిన పనేమీ లేదు. సిస్టరమ్మ తాడును ఆ మలుపు దగ్గరే కట్టి అందరినీ కూర్చోబెట్టింది.

"పై ఆదివారం కొత్త కాళ్ళు తీసుకురండి."

అది వాళ్ళ పద్ధతి. బాట వేసినవాళ్ళు దాని మీద ముందు నడవకూడదు. వేసినవాడి కాలికి ప్రతి రాయీ చుట్టమే, చూడకుండానే మంచి రాయి మీదికి పోతుంది. కదిలే రాయి దొరకాలంటే ఆ బాట మొహం ఎరగని కాలు కావాలి. అందుకని ఒక్కొక్కరూ ఇంటినుంచి ఎవరినైనా తేవాలి. ఇంటివాళ్ళు ముందు నడుస్తారు, బాట వేసినవాళ్ళు చెవులు రిక్కించుకొని వెనక నడుస్తారు. ఎక్కడైనా రాయి టక్కుమందా, దాన్ని పెట్టినవాడు ఆ రోజే దాన్ని తీసి మళ్ళీ పెట్టాలి. అది అయ్యేదాకా కొండ దిగడానికి లేదు.

లిఫ్టాయన ఆ సంగతి ఇంట్లో చెప్పనే లేదు. సిస్టరమ్మ ఇలాంటి పేషెంట్లను ఎంతమందిని చూసిందో! నేరుగా ఇంటికే ఫోన్ చేసింది. లిఫ్టాయన భార్య వెంటనే అక్కకు చేసింది. సాయంత్రానికల్లా తోడల్లుడి టిక్కెట్లు కూడా అయిపోయాయి.

ఇంకేముంది, కుడితిలో పడ్డ ఎలుక అయ్యాడు మన మనిషి. మధ్యలో ఒక పొద్దున కూరలు తెస్తానని చెప్పి సంచీతో సహా కొండెక్కాడు. పైన చెరువు కాకపోయినా కనీసం ఒక గుంటైనా ఉండకపోతుందా, ముందే చూసుకుంటే దాన్నే సర్దుకోవచ్చని ఆశ. ఆఖరి మలుపు దాకా వెళ్ళాడు. ఎదురుగా తాడు, తాడుకు బోర్డు. పని జరుగుచున్నది, దాటరాదు. అలాంటి బోర్డులు ఎన్ని లిఫ్టులకు తగిలించాడో, దాటబోయిన వాళ్ళ మీద ఎన్నిసార్లు గొంతు చించుకున్నాడో ఆయనకే తెలియదు. ఒక కాలు ఎత్తాడు. కాసేపు ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి తెచ్చుకున్నాడు. అబద్ధం చెప్పగలిగినవాడు బోర్డు దాటలేకపోవడమేమిటని మీరు అడగవచ్చు. మనుషులు అలాగే ఉంటారు. ఖాళీ సంచీతో ఇల్లు చేరి, కూరలు బాగా లేవన్నాడు.

శనివారం సాయంత్రం ఆమె ఆయన చొక్కాకు గుండీ కుడుతుంటే, పక్కన చేరి మెల్లగా మాటెత్తాడు.

"రేపు మబ్బు పడితే పైన ఏమీ కనబడదేమో."

"పడదు. ఆకాశం శుభ్రంగా ఉంది."

"చెరువులో నీళ్ళు కూడా..."

"మొన్ననేగా నిండుగా ఉందన్నారు?" అంది దారం కొరుకుతూ.

నిజం చెప్పేద్దామనుకున్నాడు. నోరు రాలేదు. తోడల్లుడు నవ్వుతాడని కాదు, నవ్వనీ. ఆయన భయమంతా ఆ మిషను గురించి. ఈ సంగతి బయటపడ్డాక ఇంకో ఆదివారం ఆయన వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆ మిషను ఆగుతుందా? ఎందుకు ఆగుతుంది? ఆయన దగ్గర చెప్పడానికి ఇంకేముందని?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ మొదటి మలుపు దగ్గర చేరారు. స్టేషను మాస్టరు మెడలో దుర్భిణీ వేసుకొని మరీ వచ్చాడు. "నా మోకాళ్ళ సంగతి తెలుసుగా తమ్ముడూ! సగం దూరంలో ఆగిపోతే అనుకోవద్దు," అని ముందే చెప్పి పెట్టుకున్నాడు. కొత్త కాళ్ళు ముందు, పాత కాళ్ళు వెనక. ఆడవాళ్ళు కబుర్లలో పడ్డారు. వెనకవాళ్ళు మాత్రం పరీక్ష ఫలితాలు వినేవాళ్ళలా ఊపిరి బిగబట్టి నడుస్తున్నారు. ఒక మలుపు, ఇంకో మలుపు. ఒక్క రాయీ కిక్కురుమనలేదు. సగం దూరం ఎప్పుడు దాటిందో స్టేషను మాస్టరు గమనించనేలేదు, ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఆఖరి మలుపుకు ముందు మెట్టు మీద ఆయన కాలు పడింది.

టక్.

అందరూ ఆగిపోయారు. సిస్టరమ్మ వెనక్కి తిరిగింది. "ఎవరిదీ రాయి?"

"నాదే," అన్నాడు లిఫ్టాయన. ఆ గుంపులో ఎవరూ నమ్మలేదు. సిస్టరమ్మ కళ్ళజోడు సవరించుకొని ఆయన్ను ఒకసారి, రాయిని ఒకసారి చూసింది. "దిగేటప్పుడు చూసుకోండి," అని తాడు విప్పింది.

బండ దాటి అందరూ పైకి చేరారు.

ఎదురుగా ఇంకో కొండ ఉంది. దీనికంటే ఎత్తు. దాని నిండా ముళ్ళపొదలు. ఎడంపక్క గోదాముల రేకుల కప్పులు, వాటి వెనక సెల్ టవరు. అంతే. బాట వేసినవాళ్ళకు అదేమీ పట్టలేదు. ఎక్కడ కూర్చుంటే నీడో చూసుకొని అరటిపళ్ళు పంచుకుంటున్నారు. లిఫ్టాయనకు మాత్రం కాళ్ళ కింద బండ కదిలినట్టయింది.

స్టేషను మాస్టరు దుర్భిణీతో కొండంతా కలియజూశాడు. గోదాములన్నీ వెతికాడు. "చెరువేదయ్యా?"

"ఎండిపోయి ఉంటుంది బావగారూ," అంది ఆమె, చప్పున.

"కొంగలు?"

"నీళ్ళు లేందే కొంగలెందుకుంటాయి?"

ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. "నాలుగు దాటింది. రైలేది?"

"ఆదివారాలు రాదు."

"మీ ఆయన వచ్చేది ఆదివారాలేగదమ్మా!"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇంకేదో అనబోయింది. తన కోసం ఆమె అలా తడుముకోవడం లిఫ్టాయన చూడలేకపోయాడు.

"లేదన్నయ్యగారూ," అన్నాడు. "చెరువూ లేదు, రైలూ లేదు. నేను ఇక్కడికి రావడం ఇవాళే మొదటిసారి."

స్టేషను మాస్టరు నవ్విన నవ్వుకు కొంగలుండి ఉంటే నిజంగానే లేచిపోయేవి. "కొండను తవ్వి ఎలుకను పట్టినవాడి గురించి విన్నాను. నువ్వు ఎలుకను కూడా పట్టలేదు కదయ్యా!"

"అయితే ఏం బావగారూ?" అంది ఆమె. గొంతు పెంచలేదు, కానీ ఆయన నవ్వు మధ్యలోనే ఆగింది. "మోకాళ్ళు నొప్పులని మా ఇంట్లో మేడ మెట్లెక్కరు మీరు. ఇవాళ ఇంత కొండ ఎక్కారు, దారిలో ఒక్కసారైనా మోకాలు పట్టుకున్నారా? ఆ మెట్లు వేసిందెవరనుకున్నారు?"

స్టేషను మాస్టరు తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. అవి తనకు చెప్పకుండా ఏదో చేసినట్టు చూశాడు. తర్వాత అరటిపండు ఇస్తే కిమ్మనకుండా తిన్నాడు.

దిగేటప్పుడు అందరూ ముందు వెళ్ళిపోయారు. ఆ ఒక్క మెట్టు దగ్గర లిఫ్టాయన ఆగాడు. గడ్డపార రాయి కింద దూర్చి పైకి లేపుతుంటే, ఆమె పై మెట్టు మీద నిలబడి చూస్తోంది. ఆయన తలెత్తలేదు.

"కోపమొచ్చిందా?"

"ఎందుకూ?"

"చెరువు లేదుగా."

"లేదని నాకు తెలుసు."

ఆయన చేతిలో గడ్డపార అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. చెరువు చూసొచ్చిన మనిషి ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరుగుతుందా? మీ ప్యాంట్లకు అతుకులు వేసింది నేను కానా? ఏ వారం రాళ్ళు మోశారో, ఏ వారం మట్టి తవ్వారో, బకెట్టులో నీళ్ళు చూస్తే తెలిసిపోయేది. అబద్ధమాడినా అతికినట్టుండాలండీ. ఆ రైలు ఒక వారం కుడినుంచి వచ్చేది, ఇంకో వారం ఎడమనుంచి వచ్చేది."

"రైలన్నాక పోతుంది, వస్తుంది," అన్నాడు ఆయన, నీరసంగా.

ఆమె నవ్వింది. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

"తెలిసీ మరి ఎందుకు అడిగేదానివి? మీ అక్కకు కూడా ఎందుకు చెప్పావు?"

ఆమె మెట్టు మీద కూర్చుంది.

"అక్క ఎప్పుడు ఫోన్ చేసినా మీ బావ ఇలా అన్నాడు, మీ బావ అలా అన్నాడు అని చెబుతుంది. మా ఆయన ఇలా అన్నాడని చెప్పడానికి నాకేమైనా ఉండేదా? గ్యాసయిపోయిందన్నాడని చెప్పనా? మీరొచ్చి గుమ్మంలో నిలబడి అంతసేపు మాట్లాడుతుంటే..." ఆమె చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులిపింది. "చెరువుంటే నాకేం, లేకపోతే నాకేం? మీరు ఆపేస్తారేమోనని నాకు భయంగా ఉండేది."

ఇద్దరూ ఒకే భయంతో ఇన్నాళ్ళూ ఒకే గదిలో కూర్చున్నారు. ఆయన వంగి గుంటలో మట్టి గీకాడు. రాయిని మళ్ళీ దించాడు. ఆమె అడగకుండానే చిన్న రాళ్ళు ఏరి అందించింది, ఆయన ఒక్కొక్కటే దట్టించాడు.

"ఇది ఎందుకు కదిలిందో తెలుసా?" అన్నాడు కాసేపటికి.

"ఎందుకు?"

"ఇది పెట్టిన రోజు, రైలింజనుకు ఏ రంగు వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను."

ఆమె ఈసారి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. అప్పుడు ఆయనకూ నవ్వొచ్చింది.

"ఎక్కి చూడు," అన్నాడు. ఆమె రాయి మీదికి దిగి, ఆయన చెప్పినట్టే అటూ ఇటూ ఊగింది. రాయి ఉలకలేదు, పలకలేదు.

పనిముట్లు సర్దుకొని దిగడం మొదలుపెట్టారు. కింది మలుపు దగ్గర ఆయన ఆగి, బాటకు అడ్డంగా ఉన్న కాలువను కాలితో చూపించాడు. దీన్ని మొదట తిన్నగా తవ్వాననీ, అలా తవ్వితే మట్టి పేరుకొని పూడిపోయిందనీ, అప్పుడు సిస్టరమ్మ దీనికి జలుబు చేసిందని తిట్టిందనీ, అందుకే దీన్ని ఏటవాలుగా తిప్పి ఆ చివర రాళ్ళు పరిచాననీ చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. మట్టి గురించీ బురద గురించీ ఇంతసేపు చెప్పాడు తను. ఇందులో కొంగ లేదు, వంతెన లేదు. ఉత్త కాలువ.

ఆమె గట్టు మీద చోటు చూసుకొని కూర్చుంది. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుంది.

"తర్వాత?" అంది.